అమ్మ చేతి వంట, అయ్యగారి గల్లాపెట్టె

గుడివాడ, పెదపారుపూడి, పామర్రు దారుల్లో ఏ చేపల హోటలు ముందు ఆగినా బోర్డు మీద ఒక అమ్మ మనల్ని పలకరిస్తుంది. ‘అమ్మ చేతి వంట’, ‘ఇంటి భోజనం’, ‘మా ఊరి చేపల పులుసు’. కొన్నిచోట్ల నుదుట రూపాయి కాసంత బొట్టు, మెడలో నల్లపూసలు, చేతిలో గరిటెతో బొమ్మ కూడా ఉంటుంది. బోర్డు దాటి లోపలికి అడుగుపెడితే ఆ అమ్మ ఎక్కడా కనిపించదు. గల్లాపెట్టె దగ్గర అయ్యగారు కూర్చుని ఉంటాడు. వడ్డించేది మగపిల్లలు, తినేది ఎక్కువగా మగవాళ్ళు. ఆడవాళ్ళు లేరా అంటే ఉన్నారు. హోటలు వెనక కుళాయి దగ్గర, చేపపొలుసు కుప్పల మధ్య, ఎంగిలి పళ్ళేల ముందు కావలసినంత మంది ఉన్నారు.

ఊళ్ళో ఒక మామూలు చేపల హోటల్లో అన్నం తినడం గురించి ఇంత చర్చ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఆ హోటలు ఆడవాళ్ళ చేతుల మీద బతుకుతోంది, అమ్మ పేరు చెప్పి అమ్ముకుంటోంది, కానీ ఒక ఆడమనిషి కూర్చోడానికి అందులో కుర్చీ లేదు. గల్లాపెట్టె దగ్గరా లేదు, బల్ల దగ్గరా లేదు. అందుకే ఈ చర్చ. వంటింటి గురించి ఇన్నేళ్ళుగా రాస్తున్న స్త్రీవాద సాహిత్యం కూడా ఈ హోటలు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. దాన్ని లోపలికి, ఇంకా వెనక్కి తీసుకువెళ్ళాలన్నది నా వాదన.

ముందు చేప దగ్గర మొదలుపెడదాం. పెదపారుపూడికి సముద్రం లేదు. అయినా అక్కడ చందువా దొరుకుతుంది, వంజరం దొరుకుతుంది. బందరు దగ్గర గిలకలదిండి రేవులో దిగిన చేప ఐసు పెట్టెల్లో ఎక్కి వస్తుంది. పీతా, పండుగప్పా దివిసీమ వైపు నుంచి వస్తాయి. బొచ్చె, శీలావతి, రొయ్య మాత్రం ఎక్కడి నుంచో రానక్కర్లేదు, చుట్టూ ఉన్న చెరువుల్లోనే ఉన్నాయి. ఆ చెరువులు ఒకప్పుడు వరిచేలు. 1980ల నుంచీ కైకలూరు, ముదినేపల్లి, నందివాడ, గుడివాడ ప్రాంతాల్లో చేలు చెరువులవుతూ వచ్చాయి. కొల్లేటి అభయారణ్యంలోకి చొచ్చుకుపోయిన చెరువుల గట్లను 2006లో ప్రభుత్వం తెగగొట్టింది. 2009లో వనామి రొయ్యకు దేశంలో అనుమతి వచ్చాక మిగిలిన చేల మీదా ఆశ పుట్టింది. ఈ కథను మనకు లాభనష్టాల కథగా చెబుతారు. రైతు ఎంత సంపాదించాడు, వైరస్ వచ్చి ఎంత పోగొట్టుకున్నాడు, 2025లో అమెరికా సుంకాలు పెంచితే ఎంత దెబ్బతిన్నాడు అని. వరి పోయినప్పుడు కూలి ఆడవాళ్ళకు ఏం పోయిందన్నది ఆ లెక్కల్లో ఎక్కడా రాదు.

ఊడ్పు ఆడవాళ్ళ పని. కలుపు ఆడవాళ్ళ పని. కోతల్లో, నూర్పుల్లో కూడా వాళ్ళ చెయ్యి ఉండేది. చెరువుకు అవేవీ అక్కర్లేదు. గట్టు మీద కాపలాకి ఒక మగమనిషి, మేత చల్లడానికి ఇంకొకడు, పట్టుబడి రోజున వల లాగడానికి ఒక మగ ముఠా ఉంటే చాలు. చేను చెరువైన రోజున ఆడకూలీ చేతిలో పని ఊడిపోయింది. కొందరు రొయ్యల షెడ్లకి తలలు తియ్యడానికి వెళ్ళారు. కొందరు చేపల హోటళ్ళ వెనక్కి చేరారు. బోర్డు మీద అమ్మ చేతి వంట అని రాసి ఉన్న ఆ చెయ్యి నిజానికి పొలం పోగొట్టుకున్న కూలి చెయ్యి. నేను ఊడ్పు పాటలు సేకరించే పని మీద ఆ ఊళ్ళలో తిరిగాను. పాటలు తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారు. మధ్యాహ్నం పూట వాళ్ళను కలవాలంటే చేలగట్ల మీద వెతికితే లాభం లేదు, హోటళ్ళ వెనక్కి వెళ్ళాలి.

పోయిన వేసవిలో అలాంటి ఒక రోజున మేం ముగ్గురం ఆడవాళ్ళం పెదపారుపూడి దగ్గర ఒక చేపల హోటల్లో భోజనానికి ఆగాం. వడ్డించే కుర్రాడు ఎదురొచ్చి, “జెంట్స్ వస్తున్నారా మేడం?” అన్నాడు.

“లేదు బాబూ, మేమే.”

“అయితే ఫ్యామిలీలోకి వెళ్ళండి.”

బయట సగం బల్లలు ఖాళీగా ఉన్నాయి. గాలి వస్తోంది, రోడ్డు కనిపిస్తోంది. మమ్మల్ని తీసుకువెళ్ళి కూర్చోబెట్టింది పక్కనున్న రేకుల గదిలో, కర్టెన్ వెనక. పులుసు చాలా బాగుంది, ఆ మాట చెప్పకపోతే తప్పవుతుంది. బొమ్మిడాయిలు విరగకుండా, పులుపు పట్టి, మీద నూనె తేలి ఉన్నాయి. రొయ్యల వేపుడులో కరివేపాకు కరకరలాడింది. కానీ ఇంకో ముక్క కావాలంటే కర్టెన్ పక్కకి లాగి తల బయటపెట్టి పిలవాలి. బయట మగవాళ్ళకు మూడోసారి పులుసు పోస్తున్న కుర్రాడికి మా కేక వినిపించేసరికి కంచంలో అన్నం చల్లారిపోయింది.

ఫ్యామిలీ అనే ఆ బోర్డును మనం ఎందుకు పట్టించుకోం? మగవాడు ఒంటరిగా వస్తే అతను మనిషి. నలుగురు మగవాళ్ళు వస్తే వాళ్ళు స్నేహితులు. ఆడది ఒంటరిగా వస్తే, ముగ్గురుగా వస్తే, ఏ రూపంలో వచ్చినా ఆమె ఫ్యామిలీ. భర్తా పిల్లలూ పక్కన లేకపోయినా వాళ్ళ నీడను వెంటబెట్టుకుని ఆ గదిలోకి వెళ్ళాల్సిందే. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే ముంబయి వీధుల మీద పరిశోధించి 2011లో ‘వై లాయిటర్?’ అనే పుస్తకం తెచ్చారు. ఆడవాళ్ళు బహిరంగ స్థలంలో ఉండాలంటే ఏదో ఒక పని, ఏదో ఒక కారణం చూపించాల్సి వస్తోందని వాళ్ళు వివరించారు. ఆకలి చాలినంత కారణం కాదని పెదపారుపూడి హోటలు మనకు చెబుతోంది.

హోటళ్ళ బోర్డుల మీద పోరాటాలు మనకు కొత్త కాదు. 1957లో మద్రాసు తిరువల్లిక్కేణిలో ఒక హోటలు బోర్డు మీద ఉన్న బ్రాహ్మణ అనే మాటను తీసేయాలని పెరియార్ అనుచరులు నెలల తరబడి పికెటింగు చేసి జైళ్ళకు వెళ్ళారు. మన పల్లెల టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి మీద దళితులు దెబ్బలు తింటూ పోరాడారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, దేంట్లో తాగాలి అన్నది చిన్న విషయం కాదని వాళ్ళకు తెలుసు. మాంసం, చేప వండే హోటలుకు మన దగ్గర పాతకాలపు పేరు మిలిటరీ హోటలు. ఆ పేరులోనే మగవాసన ఉంది. ఆ హోటళ్ళు పేరు మార్చుకున్నాయి, ఏసీలు పెట్టుకున్నాయి, అమ్మ బొమ్మ వేయించుకున్నాయి. లోపలి మిలిటరీ మాత్రం అలాగే ఉంది.

ఇదంతా మీ రక్షణ కోసమేనండీ అంటారు. బయట తాగి కూర్చునేవాళ్ళుంటారు, మీకెందుకు ఇబ్బంది అంటారు. ఈ మాటలోని అన్యాయం చూడండి. తాగి మీదపడేవాడికి బయట, గాలి వచ్చే చోట బల్ల ఉంది. తాగని ఆడదానికి రేకుల గది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుని 1993 అక్టోబరులో సారా నిషేధం తెచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం కూడా వచ్చింది, 1997లో పోయింది. సీసాను ఊళ్ళోంచి తరిమిన ఆడవాళ్ళున్న రాష్ట్రం ఇది. ఇవాళ సీసాకు మర్యాదగా దారి వదిలి, ఆడవాళ్ళను కర్టెన్ వెనక్కి పంపిస్తోంది. రక్షణ కావాలంటే తాగినవాణ్ణి గదిలో పెట్టి కర్టెన్ వెయ్యండి.

చెయ్యి కడుక్కోవడానికి వెనక్కి వెళ్తేనే రెండో హోటలు కనిపిస్తుంది. అది బోర్డు లేని హోటలు. ఆ రోజు నలుగురు ఆడవాళ్ళు గొంతుక్కూర్చుని ఉన్నారు. ఒకామె కత్తిపీట ముందేసుకుని పొలుసు తీస్తోంది. ఒకామె కొరమీనుకు బూడిద పట్టించి జిగురు పోయేదాకా రాతి మీద రుద్దుతోంది. ఒకామె రొయ్య తల తీసి, తోలు వొలిచి, వీపు చీల్చి నల్లనరం లాగుతోంది. పెద్దావిడ పళ్ళేలు తోముతోంది. చేపల కూర వండిన ఎవరినడిగినా చెబుతారు, రుచిలో సగం ఈ కడుగులోనే ఉంది. పేగులు తీసేటప్పుడు పిత్తం చితికితే చట్టి మొత్తం చేదెక్కుతుంది. బొమ్మిడాయి జిగురు పూర్తిగా పోకపోతే పులుసు నోట పెట్టలేం. ఇంత నేర్పు కావలసిన పనిని ఆ హోటలు వంటగా లెక్కపెట్టదు. లోపల పొయ్యి దగ్గర నిలబడి ఉప్పూకారం వేసేవాడిది వంట. వీళ్ళది ‘పైపని’.

“పైపనేంటమ్మా, పొద్దున్నే ఐసుగడ్డల్లో చేతులు పెడితే మధ్యాహ్నానికి వేళ్ళు ముడుచుకోవు,” అంది రొయ్యలు వొలిచే ఆమె. మాస్టరుకి ఇచ్చేదాంట్లో తమకు సగం కూడా రాదని చెప్పింది. “మరి అడగలేదా అక్కా?” అంటే, “అడిగితే రేపట్నించి రావద్దంటారు. చేలు ఎక్కడున్నాయి పోవడానికి?” అంది.

మాస్టరు అనే ఆ మాట దగ్గర సాహిత్య విద్యార్థులం ఒక నిమిషం ఆగాలి. హోటల్లో వండే మగవాడు మాస్టరు. టీ కాచేవాడు కూడా టీ మాస్టరే. అదే పని ఇళ్ళల్లో చేసే ఆడమనిషి వంటమనిషి, వంటావిడ. బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం వండిపెట్టే ఆడవాళ్ళను ఏ ఊళ్ళోనైనా ఎవరైనా మాస్టరు అన్నారా? కూర అద్భుతంగా కుదిరితే నలభీమపాకం అంటాం. తరతరాలుగా పొయ్యి ముందు కళ్ళు మండించుకున్నది ఆడవాళ్ళు, నేర్పుకు పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు ఇద్దరు మగవాళ్ళు. ఆడదానికి దక్కిన బిరుదు అన్నపూర్ణ. ఆవిడ పెడుతుంది, అడగదు. నేర్పు మగవాడి సొత్తు, దయ ఆడదాని స్వభావం. నేర్పుకు జీతం ఇవ్వాలి, స్వభావానికి దణ్ణం పెడితే సరిపోతుంది. ‘అమ్మ చేతి వంట’ అనే బోర్డు వెనక ఉన్న ఆర్థికశాస్త్రం ఇదే. అమ్మ అన్నాక ఇంక కూలి అడగకూడదు.

ఇంకో మాట ఉంది, నీచు. చేప వాసన నీచు. చేపా మాంసమూ తినడం నీచు తినడం. నీచమనే మాట దాని పక్కనే పొంచి ఉంటుంది. వాసన ఒకటే, కానీ అందరికీ ఒకేలా అంటుకోదు. తిన్నవాడి వేళ్ళకు అంటితే అది రుచి, సబ్బు పెట్టి కడిగినా పోలేదని మురిసిపోతాడు. కడిగిన ఆమె చీరకు అంటితే అది కంపు. పెద్దావిడ నాతో చెప్పింది: “ఆటోలో ఎక్కితే పక్కనున్నోళ్ళు జరిగి కూర్చుంటారమ్మా. తినేటప్పుడు జరగరుగా.” ఈ ఒక్క మాటలో కులమూ, లింగమూ, కూలీ మూడూ ఉన్నాయి. హోటళ్ళ వెనక కూర్చునేది ఎక్కువగా మాల, మాదిగ, యానాది, మత్స్యకార కులాల ఆడవాళ్ళు. బోర్డు మీద పెద్ద బొట్టుతో నవ్వే అమ్మ మాత్రం పెరడూ పాడీ ఉన్న ఇంటి అమ్మ. ఒకరి చేతిని దాచి ఇంకొకరి ముఖం అమ్ముతున్నారు. కడిగే ఆమె ముఖంతో బోర్డు వేయిస్తే ఎంతమంది లోపలికి వస్తారని ఆ యజమానిని అడిగి చూడండి. ఆయన నవ్వే నవ్వే జవాబు.

ఇక మన సాహిత్యం దగ్గరకు వద్దాం. విమల ‘వంటిల్లు’ కవిత రాసినప్పుడు, ‘నీలిమేఘాలు’ 1993లో వచ్చినప్పుడు, వంటింటి గోడలు మొదటిసారి సాహిత్యంలో కదిలాయి. ఇంటి చాకిరీకి పేరు దొరికింది. ఆ పని ఇంకా పూర్తికాలేదు కూడా. 2024 కేంద్ర గణాంక శాఖ కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్ళు రోజుకు 289 నిమిషాలు దానికి పెడుతుంటే, చేసే ఆ కాసిని మగవాళ్ళు పెట్టేది 88 నిమిషాలు. కానీ వంటింటిని చెరగా మాత్రమే చూసిన చూపుకు ఒక హద్దు ఉంది. చెర నుంచి బయటికి వస్తే విముక్తి అని ఆ చూపు నమ్మింది. ఇక్కడ వంట బయటికి వచ్చేసింది. బజారులో పెట్టారు, ధర కట్టారు, బోర్డు పెట్టారు. వంట బయటికి రాగానే గల్లాపెట్టె మగవాడి చేతికి వెళ్ళింది, కత్తిపీట ఆడదాని చేతిలోనే ఉండిపోయింది. మాకు విడిగా వంటిల్లే లేదు, ఇంటి పనీ కూలి పనీ కలిసే మా మీద ఉన్నాయని దళిత రచయిత్రులు ఎప్పుడో చెప్పారు. ఆ మాటను మర్యాదగా విని పక్కన పెట్టిన సాహిత్యానికి ఈ హోటలు పెరడు అర్థం కాదు.

ఈ లోగా వంటింటి మీద ఇంకో రకం రచన పుట్టుకొచ్చింది. ఆదివారం అనుబంధాల్లో, ఆత్మకథల్లో, జ్ఞాపకాల వ్యాసాల్లో అమ్మ వండిన చేపల పులుసు మరగని చోటు లేదు. నిన్నటి పులుసు ఇవాళ ఎంత బాగుంటుందో, చింతచిగురూ ఎండురొయ్యలూ ఎలా కలుస్తాయో, మట్టి చట్టి ఎందుకు కావాలో నోరూరేలా రాస్తారు. రుచిని గుర్తుచేసుకోవడం నేరం కాదు. కానీ ఆ జ్ఞాపకాల్లో చేప ఎప్పుడూ కడిగి ముక్కలు కోసి సిద్ధంగా ఉంటుంది. పెరట్లో ఎవరు కడిగారు, వాళ్ళకు ఏం ముట్టింది, మిగిలిన తలకాయలు ఎవరికి పెట్టారు, ఏ గిన్నెలో పెట్టారు అన్నది ఉండదు. అమ్మ తాను ఎప్పుడు తిన్నది, ఆమెకు నడుము ముక్క మిగిలిందా, తోక ముక్క మిగిలిందా అన్నదీ ఉండదు. హోటలు బోర్డుకు మాటలు ఇచ్చింది ఈ రచనే. అమ్మను మొదట మనవాళ్ళు జ్ఞాపకంగా మార్చారు, తర్వాత వ్యాపారి దాన్ని సరుకుగా మార్చాడు.

ఇంటి రుచిని సరుకు చెయ్యడం దానంతట అదే తప్పని నేను అనను. ఈ పెదపారుపూడిలోనే 1936లో పుట్టిన రామోజీరావు 1980లో ప్రియా ఫుడ్స్ మొదలుపెట్టి తెలుగువాళ్ళ పచ్చళ్ళను సీసాల్లో దేశాలు దాటించారు. ఇంట్లో విలువ కట్టని నేర్పుకు బజారులో విలువ ఉందని దాంతో తేలిపోయింది. విలువ ఉందని తేలాక మిగిలే ప్రశ్న ఒక్కటే, అది ఎవరి చేతికి చేరుతోంది? సిల్వియా ఫెడెరిచి 1975లోనే ఇంటిచాకిరీ ప్రేమ కాదు, జీతం ఇవ్వని పని అని తేల్చి చెప్పింది. చేపల హోటళ్ళలో ఆ ప్రేమను జీతం ఎగ్గొట్టడానికి వాడుతున్నారు.

ఇక్కడ ఇంకో అభ్యంతరం వస్తుంది. చిన్న హోటళ్ళలో భార్యాభర్తలు కలిసే కష్టపడతారు కదా, అక్కడ మీరన్న తేడా ఎక్కడుంది అని. ఉంది. నాలుగు గంటలకు లేచి చేపలు కడిగి, పులుసు పెట్టి, పిల్లల్ని బడికి పంపేది ఆమె. చాలాసార్లు పెట్టుబడి కూడా ఆమె పొదుపు సంఘంలో తెచ్చిన అప్పే, వాయిదా తప్పితే సంఘంలో మాట పడేది ఆమే. బోర్డు మీద పేరు అతనిది, ఫోను నంబరు అతనిది, సాయంత్రం డబ్బు లెక్కపెట్టే చెయ్యి అతనిది. ఇద్దరూ కలిసే కష్టపడుతున్నప్పుడు ఇద్దరి పేర్లూ బోర్డు మీద ఎందుకు లేవు?

చట్టాలు లేక కాదు. సమాన పనికి సమాన వేతనం చట్టం 1976లోనే వచ్చింది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో వేతనాల కోడ్ అమల్లో ఉంది. కానీ కడగడాన్ని పైపనిగా, వండడాన్ని మాస్టరు పనిగా విడగొట్టాక రెండూ సమాన పనులు కాకుండా పోతాయి. అందుకే భాష మీద నాకింత పట్టుదల. పనిచోట లైంగిక వేధింపుల చట్టం 2013లో వచ్చింది. పదిమందికన్నా తక్కువ పనివాళ్ళున్న చోట్ల ఆడవాళ్ళు జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చని ఆ చట్టంలో ఉంది. నేను మాట్లాడిన నలుగురిలో ఒక్కరికి కూడా ఆ సంగతి తెలియదు. వాళ్ళకు మరుగుదొడ్డి కూడా లేదు. ఫ్యామిలీ గదిలో కూర్చునే ఆడవాళ్ళకు ఉన్నదాన్ని వాళ్ళు వాడకూడదట.

సభలు పెట్టుకున్నప్పుడు, పరిశోధనకు ఊళ్ళు తిరిగినప్పుడు మనమూ ఈ హోటళ్ళలో తింటాం. కాబట్టి కొన్ని పనులు మన చేతిలోనే ఉన్నాయి. ఫ్యామిలీ గదిలోకి వెళ్ళమంటే వెళ్ళకండి, బయట బల్ల దగ్గరే కూర్చోండి. ఒంటరిగా వెళ్ళి కడుపునిండా తినండి, పులుసు మళ్ళీ పొయ్యమనండి. లేచాక వెనక్కి వెళ్ళి కడిగినవాళ్ళతో మాట్లాడండి, కూలెంతో అడగండి, మరుగుదొడ్డి ఎక్కడని యజమానిని అడగండి. తర్వాత అది రాయండి. వంట మీద పరిశోధన చేసే విద్యార్థినులను వంటల పుస్తకాల దగ్గరకే కాదు, కత్తిపీట దగ్గరకు పంపండి. అమ్మ గురించి రాసేటప్పుడు ఆమె పులుసు ఎంత బాగుండేదో రాసిన చోటే, ఆ చేపను ఎవరు కడిగారో కూడా రాయండి. వాళ్ళ పేరు తెలియకపోతే ఎందుకు తెలియలేదో రాయండి.

అమ్మ చేతి వంట అని బోర్డు పెట్టుకున్నవాళ్ళకు మన డిమాండు చాలా చిన్నది. ఆ అమ్మ ఎవరో చూపించండి. ఆమెకు ఎంత ఇస్తున్నారో చెప్పండి. అది చెప్పలేకపోతే బోర్డు దించండి. చేపల పులుసు అని రాయండి, చాలు. మంచి పులుసుకు గిరాకీ ఎటూ ఉంటుంది.